ఓబులక్క వంతు

అనగనగా అంటే ఎంత అనగనగానో తెలుసా? మీ అవ్వకు అవ్వ బోసినోటితో బొటనవేలు చీకుతూ పడుకున్న కాలం. అప్పటికి తలుపులకు రంగులు లేవు, మనుషులకు ఇంత తొందరా లేదు. ఆ కాలంలో ఒక వాగు ఒడ్డున ఒక పల్లె ఉండేది. పల్లెకు పేరుంది గానీ నేను చెప్పను. చెబితే పక్క పల్లెవాళ్లు వచ్చి ఈ కథ మాదే అంటారు, వాళ్లతో వాదించలేక నా గొంతు పోతుంది.

ఆ పల్లెలో ఒక గానుగ. గానుగ పక్కన ఒక పీట. పీట మీద ఒక మనిషి. ఆ మనిషి పేరు ఓబులక్క.

ఓబులక్క ఆ ఊళ్లో పుట్టలేదు. ఏదో కరువులో, ఐదారేళ్ల పిల్లప్పుడు, తల్లి వేలు పట్టుకొని వచ్చింది. తల్లి గానుగ కొట్టం దాకా నడిచి అక్కడే కూలబడింది, మళ్లీ లేవలేదు. గానుగ పెద్దాయన జాలిపడి పిల్లకు ఇంత సంగటి పెట్టి, చేతికి ఒక గుడ్డ ఇచ్చాడు. గానుగలో ఒక గింజ ఆడాక ఇంకో గింజ వేసేముందు రోలూ రోకలీ శుభ్రంగా తుడవాలి. తుడవకపోతే నువ్వుల నూనెలో వేప చేదు కలుస్తుంది, కుసుమ నూనెలో ఆముదం కలుస్తుంది. తుడవడమే ఓబులక్క పని. ఆ పూట పట్టుకున్న గుడ్డను తల నెరిసేదాకా ఆమె వదల్లేదు. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు గనక పెళ్లి కూడా కాలేదు.

తుడిచి తుడిచి ఆమెకు నూనెల గుణాలు తెలిశాయి. ఏ నూనె మాను లోపలికి ఇంకుతుంది, ఏది పైపైనే నిలుస్తుంది, ఏది ఏడాది తిరిగేసరికి ముక్కిపోతుంది, అన్నీ వేళ్లకు తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. సాయంత్రం కాగానే గుడ్డను గానుగ కొట్టం గోడ మీద విప్పి పరిచేది. ముద్దచేసి మూల పడేయడం మాత్రం ఎన్నడూ చేయలేదు. అవిసె నూనె పట్టిన గుడ్డను ముద్దచేసి పడేస్తే తడిసిన గడ్డివాములాగా లోలోపల వేడెక్కి పొగ లేస్తుంది. అదీ ఆమెకు తెలుసు.

ఇప్పుడు తొట్టి సంగతి. తొట్టి అంటే ఎద్దులు నీళ్లు తాగేది కాదు నాయనా, బిడ్డలు పడుకునే ఉయ్యాల తొట్టి. ఊరంతటికీ అది ఒకటే. చిన్న ఊరు, ఏడాదికి ఒకటో రెండో పురుళ్లు, సరిపోయేది. ఏ కాలంలోనో ఒక వడ్రంగి టేకు మానుతో చేశాడు. పళ్లు వచ్చే బిడ్డ అంచు పట్టుకొని కొరక్కుండా ఉండదు, రంగు వేస్తే కడుపులోకి పోతుందని ఆయన రంగూ లక్కా పూయకుండా మానును మానులాగే వదిలాడట. ఊళ్లో ఉన్నవాళ్ల బిడ్డయినా లేనివాళ్ల బిడ్డయినా పుట్టిన మూడోనాడు ఆ తొట్టిలో పడాల్సిందే. తొట్టి చాలనంత ఎదిగాక, ఆ ఇంటివాళ్లు దానికి నూనె పూసి తరవాతి ఇంటికి మోసుకుపోయి ఇవ్వాలి. ఏ నూనె పూయాలో మాత్రం వడ్రంగి చెప్పిపోలేదు.

ఊళ్లో ఇంకో కట్టు ఉండేది. ఆ తొట్టిలో పడుకొని పెరిగినవాళ్లే దాన్ని తాకాలి. బయటి ఊళ్లనుంచి వచ్చిన కోడళ్లయితే, బిడ్డను కని తొట్టిలో వేశాకే దాని మీద చెయ్యి వేయాలి. ఓబులక్క అందులో పడుకోలేదు, అందులో వేయడానికి ఆమెకో బిడ్డ లేదు. తొట్టి ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వీధిలో పోతుంటే కొట్టం గుంజ పట్టుకొని చూసేది. అది మలుపు తిరిగి కనబడకుండా పోయాక వచ్చి మళ్లీ పీట మీద కూర్చునేది. ఆమె చూపును ఎవరూ గమనించలేదు. ఊళ్లో అందరికీ ఎవరి పని వాళ్లకుంటుంది గదా.

అలా ఉండగా ఊరిపెద్ద నరసారెడ్డి ఇంటి వంతు ముగిసింది. లేకలేక పుట్టిన మనవడు పడుకున్న తొట్టి. ఊరందరిలాగా నూనె పూస్తే తన ప్రేమేం కనబడుతుంది? ఆయన అప్పుడే చిలికి తీసిన వెన్న కాచి, కమ్మటి నెయ్యి పూయించాడు. ఊరంతా ముక్కు పుటాలు ఎగరేసి మెచ్చుకుంది. తొట్టి అంగడి ఇంటికి పోయింది. మూడోనాడు చీమలు వచ్చాయి. బిడ్డ ఒళ్లంతా దద్దుర్లు, బిడ్డ ఒకటే ఏడుపు.

అంగడి ఇంటివాళ్లు చీమలను తరమాలని వేపనూనె పట్టించారు. చీమలు పోయాయి. ఆ ఇంటి బిడ్డ ఎలాగో పెరిగింది, తొట్టి అయ్యవారి ఇంటికి పోయింది. అక్కడి బిడ్డ అంచు మీద నోరు పెట్టింది, చేదుకు పాలన్నీ కక్కింది. బిడ్డ ఒకటే ఏడుపు.

అయ్యవారు చేదు పోవాలని ఆముదం తెప్పించి సోలెడు కుమ్మరించాడు. చల్లదనమని ఆయన నమ్మకం. చేదు లోపల పడింది, జిడ్డు పైన తేలింది. దుమ్మూ నూలుపోగులూ అంటుకొని తొట్టి బంకబంకగా తయారైంది. అది అలాగే కుమ్మరి ఇంటికి పోయింది, ఆ ఇంటి పాప వీపు దానికి అతుక్కొని చెమటకాయలతో పుండయింది. బిడ్డ ఒకటే ఏడుపు.

ముగ్గురూ ప్రేమతోనే పూశారు, అది మీరు మరిచిపోకండి. కానీ మూడు ఇళ్లలో ముగ్గురు బిడ్డలు ఏడ్చేసరికి ఊరికి నూనెలు గుర్తు రాలేదు, గాలి గుర్తొచ్చింది. తొట్టికి గాలి పట్టిందన్నారు. చావిడిలో కూర్చొని, వచ్చే అమావాస్యకు తొట్టిని పసుపు కుంకాలతో వాగులో వదిలేయాలని తీర్మానించారు.

ఆ మాట గానుగ ఇంటికి చేరేసరికి కోడలు వెంగమ్మకు ఎనిమిదో నెల. వెంగమ్మకు ముందు రెండు కాన్పులు పోయాయి. ఒక బిడ్డ పూట బతికింది, ఒక బిడ్డ ఆ పూట కూడా బతకలేదు. మూడోనాటి దాకా ఎవరూ నిలవలేదు గనక తొట్టి ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. వెంగమ్మ పొద్దున్నే ఓబులక్క పీట పక్కకొచ్చి కూలబడింది.

"తొట్టి వాగులో పోతాదంట ఓబులక్కా. నా బిడ్డను ఆ తొట్టిలో ఏసి ఒక్కసారి ఊపితే, ఇంగ ఇది నిలిచిన బిడ్డే అనుకుందామని ఉండె," అంది. అని ఏడ్వలేదు. ఏడిస్తే కడుపులో బిడ్డకు మంచిది కాదని పళ్లు బిగబట్టుకుంది. అది చూసి ఓబులక్కకు గుండె చెరువైంది.

యాభై ఏళ్లుగా ఆ ఊళ్లో ఓబులక్క ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ రోజు గుడ్డ భుజాన వేసుకొని, పీట చంకన పెట్టుకొని చావిడికి నడిచింది. పెద్దలంతా ఉన్నారు. మంత్రసాని చెన్నవ్వ కూడా ఉంది. చెన్నవ్వ అంటే ఆషామాషీ కాదు, ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్లే. తొట్టి కట్టు తప్పకుండా కాపాడేది ఆమే. ఓబులక్కను చూడగానే ఆమె కళ్లు చిట్లించింది.

"నువ్వు ఆ తొట్టిలో పండుకున్నదానివి కాదు, అందులో ఒక బిడ్డను ఏసినదానివీ కాదు. నీకెందుకు మే దాని ఊసు?" అంది.

మాట కటువే గానీ అబద్ధం కాదు. ఓబులక్క తల వంచుకొని పీటను నేల మీద పెట్టింది. అది కూడా రంగులేని టేకు పీటే. ఏళ్ల తరబడి గానుగ పక్కన ఉండి అన్ని నూనెల చుక్కలూ తాగింది. ఒక్కసారి తడిమి చూడమని పెద్దలను బతిమాలింది. నరసారెడ్డి వంగి వేలు పెట్టాడు. ఆముదం చుక్కలు పడ్డ మూల వేలికి మట్టి అంటింది. నువ్వుల నూనె పడ్డ మూల ఇంకా జిడ్డుగా, ముక్కిన వాసనగా ఉంది. మధ్యలో ఒకచోట మాత్రం నున్నగా, పొడిగా, బంగారు రంగులో ఉంది. ఓబులక్క దాని మీద చెంబులోంచి నీళ్లు చిలకరించింది. నీళ్లు లోపలికి ఇంకలేదు, ముత్యాల్లా నిలిచాయి. అది ఏ నూనె అని ఆయన అడిగాడు. అవిసె నూనె అంది. అందరూ మొహాలు చిట్లించారు. పచ్చివాసన నూనె అని ఆ ఊళ్లో దాన్ని ఇంట్లోకి రానిచ్చేవాళ్లే కాదు.

అప్పుడు ఓబులక్క తల ఎత్తి చెప్పింది. "నెయ్యి మంచిదే నాయనా, అన్నంలోకి. వేపనూనె మంచిదే, చెదలు పట్టకుండా దూలాలకు. ఆముదం మంచిదే, బండి ఇరుసుకు. యా నూనె చోటు దానికి ఉండాది. తొట్టికి ఆరి గట్టిపడే నూనె కావల్ల, బిడ్డ నోట్లోకి పోయినా చెరుపు చేయనిది కావల్ల. వాసన అంటారా, ఆరేకొద్దీ అదే పోతాది. తొట్టికి గాలి పట్టలే. దానికి పట్టని నూనె పూసినారు, అంతే."

నెయ్యి పూసిన నరసారెడ్డి మీసం సర్దుకున్నాడు, అయ్యవారు ఆకాశంకేసి చూశాడు. చెన్నవ్వ మాత్రం వదల్లేదు. నూనె సంగతి సరే, నీ చెయ్యి తొట్టి మీద పడనివ్వనంది.

"నేను తాకనక్కా. మూడు మూరల దూరంలో కూచుంటా. చెయ్యి నీది, మాట నాది," అంది ఓబులక్క.

నరసారెడ్డి నెల రోజులు గడువిచ్చాడు. నెల దాటాక కూడా అందులో వేసిన బిడ్డ ఏడిస్తే తొట్టి వాగుకే.

మొదటి వారం కడగడంతోనే సరిపోయింది. చెన్నవ్వ శనగపిండి రుద్ది జిడ్డు తీసింది, కుంకుళ్ల నీళ్లతో కడిగింది, ఏటి ఇసుకతో తోమింది, ఎండబెట్టింది. మళ్లీ కడిగింది, మళ్లీ ఎండబెట్టింది. ఓబులక్క మూడు మూరల దూరంలో పీట మీద కూర్చొని చెబుతూనే ఉంది. మానులో పాత వాసన లేదని చెన్నవ్వ ముక్కు పెట్టి చూసి చెప్పేదాకా నూనె గిన్నె మూత తీయనివ్వలేదు.

తరవాత మొదటి పూత. గానుగలో అప్పుడే ఆడి, తేర్చి, ఎండలో వెచ్చబెట్టిన అవిసె నూనె. చెన్నవ్వ అలవాటుకొద్దీ దోసిట్లో పోసుకోబోతే ఓబులక్క ఆపింది. గుడ్డకు తడి తగిలితే చాలు, మానులో గీతలు పోయిన దిక్కుకే రుద్దమంది. కాసేపు ఆగమంది. ఆగాక మిగిలింది తుడవమంది.

"పట్టినంత పట్టనీ. మిగిలింది తుడువు. ఎండకు వదులు."

పూసిన నూనెను తుడిచేయడమేందని చెన్నవ్వ గొణిగింది. అయినా తుడిచింది. వారం ఎండింది. రెండో పూత, మళ్లీ అదే మాట. పట్టినంత పట్టనీ, మిగిలింది తుడువు, ఎండకు వదులు. చెన్నవ్వ చెయ్యి మాను మీద పోతుంటే ఓబులక్క చెయ్యి మూడు మూరల దూరంలో గాలిలో అలాగే కదిలేది. ఆమెకు తెలియకుండానే కదిలేది. చెన్నవ్వ అది చూసి చూడనట్టు ఊరుకుంది.

మూడో పూత పడ్డ రోజే వెంగమ్మకు నొప్పులు వచ్చాయి. రెండు వారాల ముందే వచ్చాయి. చెన్నవ్వ నూనె చేతులు కడుక్కొని పరుగెత్తింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల, కానీ గొంతు మాత్రం ఊరికి వినబడింది. ఒక రోజు నిలిచింది. రెండో రోజు నిలిచింది. మూడోనాడు బిడ్డను తొట్టిలో వేయాలి.

తొట్టి ఆరలేదు. వేలు పెడితే ఇంకా వేలికి తగులుతోంది. మూడోనాడు వేయకపోతే బిడ్డకు అరిష్టమని గడప దగ్గర నలుగురూ గుసగుసలాడుకున్నారు. చెన్నవ్వకు కూడా భయమేసింది, పైపైన తుడిచి వేసేద్దామా అని అడిగింది. ఎన్నడూ ఊరి కట్టు దాటని ఓబులక్క ఆ రోజు అడ్డం తిరిగింది. ఆరని నూనె మీద పండబెడితే మళ్లీ పాత కథే అవుతుందని, ఇంకో నాలుగు రోజులు ఎండ చూపాల్సిందేనని తెగేసి చెప్పింది. అరిష్టం మాట ఏమిటని చెన్నవ్వ అడిగింది. ఓబులక్క గుడ్డ నలుపుకుంటూ నిలబడింది.

జవాబు వెంగమ్మ చెప్పింది. పురిటి మంచం మీంచి లేవకుండానే రెండు చేతులతో బిడ్డను ఎత్తి చాచింది.

"తొట్టి ఆరేదాకా నా బిడ్డకు నీ ఒడే తొట్టి. పట్టుకో ఓబులక్కా."

ఓబులక్క చేతులు చీరకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. అంత చిన్న ప్రాణాన్ని ఆమె ఎన్నడూ ఎత్తుకోలేదు. పీట మీద కాళ్లు చాచి కూర్చుంది, బిడ్డను ఒళ్లో వేశారు. నాలుగు రోజులు బిడ్డ పాలకు తల్లి దగ్గరికి, నిద్రకు ఓబులక్క ఒళ్లోకి. మోకాళ్లు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. ఏ జోలా రాదు గనక గానుగ ఎద్దును అదిలించే కూతనే మెల్లగా పాడేది. బిడ్డ దానికే నిద్రపోయేది. ఆ నాలుగు రోజులే తన జీవితంలో పండగ రోజులని ఓబులక్క తరవాత ఎద్దుతో చెప్పిందట. ఎద్దు నాతో చెప్పలేదులెండి, ఊరు చెప్పింది.

ఏడోనాడు చెన్నవ్వ అరచేయి తొట్టి మీద ఈ చివరినుంచి ఆ చివరికి జరిపింది. చేతికి ఏమీ అంటలేదు. తొట్టి లోపల తేనెరంగు తేలింది. ఊరంతా గుమిగూడింది. నరసారెడ్డి వచ్చి ముందు నిలబడ్డాడు. ఓబులక్క బిడ్డను చెన్నవ్వ చేతికిచ్చి, మూడు మూరలు వెనక్కి జరిగింది. బిడ్డ ఏడిస్తే తొట్టి పోతుంది, తొట్టి పోతే వెంగమ్మ ధైర్యం పోతుంది.

బిడ్డను వేశారు. మొహం ముడుచుకుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక చేయి జాపి తొట్టి అంచుకు తాకించింది. అక్కడే ఉంచి కళ్లు మూసుకుంది. చీమ రాలేదు, చేదు రాలేదు, జిడ్డు రాలేదు. ఎక్కడో ఒక కోడి కూసినా బిడ్డ లేవలేదు. వెంగమ్మ అప్పుడు ఏడ్చింది, దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది.

ఆ తరవాత ఎన్నో ఏళ్లు తొట్టి ఇల్లిల్లూ తిరిగింది. తిరిగిన ప్రతిసారీ ముందు ఓబులక్కకు కబురు పోయేది. ఆమె పీట తెచ్చుకొని మూడు మూరల దూరంలో కూర్చునేది. పట్టినంత పట్టనీ, మిగిలింది తుడువు, ఎండకు వదులు. ఊళ్లో దూలాలకు వేపనూనె, ఇరుసులకు ఆముదం, చేయీ నోరూ తగిలే మానుకు అవిసె నూనె అని అందరూ నేర్చుకున్నారు. వెంగమ్మ కూతురు మూడేళ్లదయ్యాక ఒకసారి ఓబులక్క చేయి పట్టి తొట్టి దగ్గరికి లాగింది. ఎంత నున్నగా ఉండాదో తాకి చూడవ్వా అంది. ఓబులక్క మెల్లగా చేయి విడిపించుకొని, నాకు తెలుసులే తల్లీ అంది. చుట్టూ పదిమంది పెద్దవాళ్లు ఉన్నారు. తాకమ్మా, నీకింకా కట్టేమిటి అనే మాట ఒక్కరికీ తోచలేదు. మంచివాళ్లే, తోచలేదంతే. ఇప్పటికీ ఈ చోటికి వచ్చేసరికి నాకు కోపమొస్తుంది.

ఒకనాడు పొద్దెక్కినా గానుగ కొట్టం గోడ మీద గుడ్డ అలాగే ఉంది. పొద్దు పొడవకముందే తీసి పనికి దిగే మనిషి తీయలేదేమని వెంగమ్మ వచ్చి చూసింది. ఓబులక్క పీట పక్కన, గోడకు ఆనుకొని, నిద్రపోయినట్టే పోయింది. ఊరంతా కదిలి సాగనంపింది. ఆమెకు ఆస్తి అంటూ ఏమీ లేదు. ఒక పీట, ఒక గుడ్డ.

ఆమె పోయిన పదోనాడు కుమ్మరి ఇంట బిడ్డను తొట్టిలో వేయాలి. అప్పటికి చెన్నవ్వ నడుం వంగిపోయింది. కర్ర పట్టుకొని వచ్చింది, కొంగులోంచి ఓబులక్క గుడ్డ తీసింది. బిడ్డను చేతుల్లో పట్టుకొని తల్లి నిలబడే ఉంది. చెన్నవ్వ ఆ గుడ్డను తొట్టిలో పరిచింది. ముడతలు పోయేలా చేత్తో సర్దింది, బిడ్డ కింద పక్క సర్దినట్టే సర్దింది. ఇదేమి కొత్త కట్టు అని ఎవరో అన్నారు.

"ఇంతమంది బిడ్డలు ఈమె పుణ్యాన ఇందులో కంటినిండా నిద్దర పోయినారు," అంది చెన్నవ్వ. "ఈమె మాత్రం పండుకోలే. నేనే తాకనీలే. కొంచెం ఆగండి, ఈ పొద్దు ముందు ఓబులక్క వంతు."

తొట్టిని మూడుసార్లు ఊపింది. మొదటి ఊపుకు చెన్నవ్వ ఒక్కతే జోల పాడింది. రెండో ఊపుకు వెంగమ్మ గొంతు కలిపింది. మూడో ఊపుకు ఊరంతా పాడింది.

మిగతా ఊళ్లలో బిడ్డను తొట్టిలో వేసేముందు రోటి పొత్రం పెట్టి ఊపుతారు, మీరు చూసే ఉంటారు. ఆ వాగు ఒడ్డు పల్లెలో పొత్రం పెట్టరు. అవిసె నూనె పట్టిన గుడ్డ పరిచి ఊపుతారు. ఆ పాత గుడ్డ ఎప్పుడో చివికిపోయింది, ఇప్పుడు ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటిదే. ఆ ఊరి కట్టు కూడా మారింది. ఎక్కడినుంచి వచ్చినవాళ్లయినా, బిడ్డలున్నా లేకున్నా, తొట్టి మీద చేయి వేయొచ్చు. వేయకుండా దూరంగా నిలబడితే చేయి పట్టి తీసుకొచ్చి వేయిస్తారు. ఆ ఊరికి పోతే మీకూ తప్పదు.

పాలకు ఏడ్చే బిడ్డయినా, ఎంత గొప్పింటి బిడ్డయినా, ఆ మూడు ఊపులసేపు తల్లి చేతుల్లో ఆగాల్సిందే. బిడ్డ గింజుకుంటే ముసలమ్మలు బుగ్గ పుణికి ఒకటే మాట అంటారు. ఉండు బంగారూ, ముందు ఓబులక్క పండుకోనీ.